ఊట నీళ్ల డబ్బా

టక్, టక్. కాసేపు ఆగి మళ్లీ టక్. బోర్లించిన పడవ లోపలి నుంచి ముందు ఆ చప్పుడు వస్తుంది, తర్వాత రంపపు పొట్టు పట్టిన నెరిసిన తల. పడవలు బాగుచేసే ఆ వీధిలో ఆమె అందరికీ పిన్ని. ప్రతి పలకనూ వేలి కణుపుతో కొట్టి వింటుంది. గట్టి చెక్క ఒకలా పలుకుతుంది, నీళ్లు తాగిన చెక్క ఇంకోలా.

కొండల్లో నది పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా వెళ్లాలని ఆమె అక్క మొగుడు బయల్దేరినప్పుడు పడవ భారం పిన్నికే అప్పగించాడు. తెడ్డు వేయడానికి వాగుడుకాయ అనే కుర్రాడు కుదిరాడు. పైన నది పసిపాప ఊపిరంత సన్నగా ఉంది. బావ ఆ ఊట నీళ్లు రేకు డబ్బాలో పట్టి, సముద్రంలో కలిపేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. డబ్బాను పిన్ని కూర్చునే పలక కింద కట్టారు. తేలేంత లోతు వచ్చేదాకా పడవను భుజాల మీద మోస్తూ ఒడ్డునే దిగారు.

మైదానంలో నది ఆకాశాన్ని పరుచుకుని పడుకుంది. మురికి కూడా పట్టింది. ఫ్యాక్టరీల నురగ తెడ్లకు అంటుకునేది. తాగే నీళ్లు నిండుకున్న రోజే వాగుడుకాయకు జ్వరం ముంచుకొచ్చింది. నిద్రలో కూడా నోరు మూయనివాడు పెదవి కదపలేదు. నీళ్లు వెతుక్కుంటూ గట్టెక్కిన బావ ఎంతకీ రాలేదు. ఒక పక్క బావ మాట, ఒక పక్క ఎండిన పెదవులు. పిన్ని డబ్బా మూత తీసి చెంచాతో పోసింది. డబ్బా అడుగంటే వేళకు వాడు కళ్లు తెరిచాడు.

బావ తిరిగొచ్చాక దారిలో ఎన్ని బావులో. ఏదో ఒక నీళ్లతో నింపేస్తే ఎవరికి తెలుస్తుంది? పిన్ని నింపలేదు. అలాగని చెప్పడానికీ నోరు రాలేదు. డబ్బా తలుచుకుని బావ మురిసినప్పుడల్లా ముల్లు మింగినదానిలా కూర్చునేది.

నీళ్లు ఉప్పగా మారిన చోట బావ ఉతికిన చొక్కా వేసుకుని చేయి చాపాడు. పిన్ని డబ్బా ఇవ్వలేదు. వేలి కణుపుతో కొట్టింది. డొల్లగా మోగింది.

"జ్వరంలో వీడికి పోశాను బావా. నీ మాట దాటాను."

బావ కెరటాలకేసి చూశాడు. తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు. "ఒరేయ్, ముందు నువ్వు దిగు."

వాడు నడుము లోతులో నిలబడి, "అంటే ఇన్నాళ్లూ డబ్బా నేనేనా?" అన్నాడు. బావకు నవ్వాగలేదు. పిన్నికి కన్నీళ్లాగలేదు.

ఇదంతా విని, పిన్ని గురించి రాసుకోవడానికి వచ్చిన మనిషి వెళ్లబోతూ, ఆ డబ్బా ఏమైందని అడిగింది. పిన్ని అప్పటికే పడవ కిందికి దూరింది. లోపలి నుంచే జవాబిచ్చింది:

"మేకులు పోసుకున్నానమ్మా. ఖాళీగా ఉంటే మోగుతుంది."