అమ్మవారి కోసం గోడలో సందు

రోడ్ల మోత కొలవడం నా ఉద్యోగం. రోడ్డు వెడల్పు చేయబోయే చోట మీటరు నిలబెట్టి, పోయే లారీలూ కార్లూ లెక్కపెట్టి, కొన్నేళ్ల తరువాత ఆ పక్క ఇళ్లలో ఎంత మోత ఉంటుందో ముందే చెప్పాలి. ఆఫీసు తిరుపతిలో. అత్తగారిల్లు వడమాలపేట దగ్గర, సరిగ్గా రోడ్డు మీద. పగలంతా ఊళ్లవాళ్ల మోత కొలిచి, సాయంత్రం మా మోతలోకి వచ్చి పడేదాన్ని.

పాపకు అప్పుడు ఏడో నెల. లారీ హారన్ వినబడితే చాలు, నిద్రలో ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చేది. జోకొట్టి పడుకోబెట్టేలోపు ఇంకో లారీ. వేరే చోటికి పోదామంటే, సొంతిల్లు పెట్టుకుని అద్దెకా అని ఇంటిల్లిపాదీ నన్ను వింతగా చూసేవాళ్లు.

అందుకే మా రోడ్డు పని మా ఆఫీసుకే వచ్చినప్పుడు లోలోపల గంతులేశాను. సొంతిల్లు కాబట్టి మా ఇంటి దగ్గర నేను మీటరు ముట్టుకోలేదు, ఆఫీసులో వేరే ఆయన కొలిచాడు. మోత హద్దు దాటిందని తేలి, మా వరస ఇళ్ల ముందు మోత ఆపే ఎత్తు గోడ కట్టాలని ప్లానులో రాశారు. ఆ రోజు పాపకు కూడా చెప్పాను, ఇంక హాయిగా నిద్రపోవచ్చని.

వెడల్పులో మలుపు దగ్గరి చిన్న అమ్మవారి గుడి పోతుంది. మా వైపు డ్రైవర్లు ఆ గుడి దాటేటప్పుడు ఒక్క హారన్ కొట్టి పోతారు. స్టీరింగ్ వదిలి చేతులు జోడించలేరు కదా. గుడికి చోటు వెతుకుతుంటే, మామగారు ఎవర్నీ అడక్కుండా మా ఇంటి ముందు మూల ఇచ్చేశారు. అమ్మవారు రోడ్డుకు కనబడాలని ఊరంతా పట్టుబట్టింది. గోడలో సందు వదలాలి, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా.

"గోడ కట్టేదే పాప నిద్ర కోసం మామా. ఈడ సందు పెడితే ఇంగ గోడెందుకు?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. అదే నా ఖర్మ. "హారన్ మోత కాదు మ్మా, దండం. అమ్మను గోడెనక దాచిపెడితే దావన పొయ్యేవాళ్లు యాడని మొక్కుతారు?" అన్నారు.

ఇంకో మాటంటే గడపకొచ్చిన అమ్మవారిని వద్దన్న కోడలినవుతాను. ఆఫీసులో మొరపెట్టుకుంటే, సందుతో సహా మళ్లీ లెక్క వేశారు. ఫర్వాలేదనే వచ్చింది. ఆ లెక్కలో బండ్లుంటాయి, వేగముంటుంది, రోడ్డు రకముంటుంది. హారన్ ఉండదు. ఆ సంగతి ఎన్ని ఊళ్ల మీటింగుల్లో ఎంతమందికి నవ్వుతూ చెప్పానో! ఇప్పుడు ఒళ్లు మండింది, అరవడానికి ఎదురుగా ఎవరూ లేరు.

గోడ వచ్చింది. సందు వచ్చింది. అటూ ఇటూ ఇళ్లకు మోత తగ్గింది, హారన్లన్నీ మా కిటికీకే.

కొన్నాళ్లకు పాప ఏడవడం మానేసింది. హారన్ మోగగానే చేతులు జోడించడం మామగారు నేర్పారు. ఇంటికొచ్చినవాళ్లంతా చూసి మురిసిపోయేవాళ్లు. అలవాటైపోయిందిలే అని నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాప చీర ఉయ్యాలలో మంచి నిద్రలో ఉంది. బయట లారీ హారన్ కొట్టింది. పాప కళ్లు తెరవలేదు. చిన్న చేతులు రెండూ పైకి లేచి, ఒకదాన్నొకటి వెతుక్కుని జోడయ్యాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చేతులు మెల్లగా విడదీసి, నా చేతుల్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. దూరంగా ఇంకో లారీ మలుపు తిరుగుతున్న చప్పుడు.