ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురండి

ఆ రోజుల్లో నాకు రోజుకో జబ్బు ఉండేది. తణుకు నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్త. పక్కవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో పగలంతా తప్పులు వెతకడం నా పని. ఆ అలవాటుని ఆఫీసులోనే వదిలేసి వస్తే బాగుండేది. గదికి వచ్చాక నా ఒంట్లో వెతుక్కునేవాణ్ణి. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే గుండె, తల నొస్తే మెదడు, కడుపు గుడగుడలాడితే (మధ్యాహ్నం క్యాంటీన్లో లాగించిన బిర్యానీ సంగతి మరిచిపోయి) నోరు తిరగని పేరున్న ఇంకేదో. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ భయం నటన కాదు. నిజంగానే చచ్చేంత భయపడేవాణ్ణి.

కొండాపూర్‌లో మా గదికి దగ్గర, ఒక టిఫిన్ సెంటరు పైన మా డాక్టరుగారి క్లినిక్ ఉండేది. ఆ వీధిలో వాచ్‌మన్లకీ డ్రైవర్లకీ మాలాంటి కంప్యూటర్ కుర్రాళ్ళకీ ఆయనే దిక్కు. చెయ్యి మంచిది, నోరు మాత్రం పెద్దది. నన్ను గుమ్మంలో చూడగానే, "ఏందయ్యా, మళ్ళొచ్చినవ్? గిప్పుడేమైంది?" అనేవారు. స్టెతస్కోపు పెట్టి చూసి, "నీకేం కాలె. పొద్దంత కంప్యూటర్ ముంగట కూసుంటే గిట్లనే ఉంటది. పో, పోయి పప్పన్నం తిను," అని పంపేసేవారు. ఆ తిట్లు తిని మెట్లు దిగుతుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. చావబోయేవాణ్ణి ఎవరూ అలా తిట్టరు కదా అని నా ధైర్యం. ఒకసారి మాత్రం నేను మరీ ప్రాణం తీస్తే విసుక్కుంటూనే రక్తం తీయించారు. రిపోర్టు చూసి, "మంచిగుంది, పో," అన్నారు. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నాను.

కొన్నాళ్ళకి, ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. డాక్టరుగారు. ఆయన నాకు ఫోను చెయ్యడం అదే మొదలు. "నమస్తే అండి. పనిల ఉన్నరా? జర వీలు చూస్కొని ఆదివారం క్లినిక్‌కు రాగలరా?" అన్నారు. ఎప్పుడూ తిట్టే మనిషి అంత మెత్తగా 'అండి' అనేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. విషయం ఏమిటని అడిగాను. "ఫోన్ల చెప్పేది కాదండి. ఎదురుంగ కూసొని తీరువాటంగ చెప్పాలె. మీ ఇంట్ల పెద్దోళ్ళెవరన్న ఈడ ఉంటే తోడు తీస్కరండి. వాళ్ళతోని మాట్లాడుకున్నంక మీ ఇష్టం. మీరేం ఫికర్ చెయ్యకండి," అన్నారు.

ఫికర్ చెయ్యవద్దట. డాక్టరు ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నాడంటే మన ఇళ్ళలో దానికి ఒకటే అర్థం. మా తాతయ్యకి జబ్బు చేసినప్పుడు డాక్టరు మా నాన్నని వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. నాన్న మొహం తుడుచుకుని లోపలికి వచ్చి, "ఏమీ లేదంట, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతావంట," అన్నాడు. తాతయ్య ఆ వారం దాటలేదు. నేనప్పుడు మంచం పక్కనే ఉన్నాను. అందుకే ఆ శుక్రవారం నేను ఇంక ఏ తప్పులూ వెతకలేదు. స్క్రీను వైపు చూస్తూ, అమ్మకి ఈ సంగతి ఎవరు చెబుతారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. మా మేనేజరు వచ్చి సోమవారానికి పని పూర్తవుతుందా అని అడిగితే, "సోమవారం సంగతి ఇప్పుడే చెప్పలేనండి," అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ మళ్ళీ అడగలేదు.

హైదరాబాదులో నాకున్న పెద్దదిక్కు మా బాబాయి. సర్కారు ఉద్యోగం చేసి రిటైరై లింగంపల్లిలో ఉండేవాడు. ఏ డాక్టరు గుమ్మమూ తొక్కని మనిషి. శనివారం వెళ్ళి చెప్పేసరికి పేపరు మడిచి పక్కన పెట్టి, "పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నాడా? ఆ మాటే అన్నాడా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత గట్టిగా, "ఏం కాదులేరా, నేనున్నాగా," అన్నాడు. ఆ గొంతు అచ్చం మా నాన్న వరండాలోంచి వచ్చినప్పటి గొంతు. లోపల పిన్నితో గుసగుసలు వినిపించాయి. కాసేపటికి పిన్ని నాకు ఇష్టమని గుత్తివంకాయ చేసి, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. ఎప్పుడూ ఊడిపోతున్న నా జుట్టు గురించి ఆటపట్టించే మనిషి, ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఇక నాకు అనుమానమే లేకపోయింది.

ఆదివారం బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో లోకల్ రైలెక్కాడు. దారి పొడుగునా నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. క్లినిక్‌లో కాంపౌండరు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. మామూలుగా నన్ను చూస్తే నవ్వు ఆపుకునేవాడు, ఆ రోజు ఫ్యాను మావైపు తిప్పి, "కూసోండి సార్, మంచినీళ్ళు తాగుతరా?" అన్నాడు. డాక్టరుగారు తలుపు దాకా ఎదురొచ్చి ఇద్దరికీ దండం పెట్టారు. బాబాయి నన్ను వెనక్కి నెట్టి, "అబ్బాయిని బయట కూర్చోబెడతానండి. ఏదున్నా నాకు చెప్పండి. వాడు తట్టుకోలేడు," అన్నాడు. "అట్ల కుదరదండి. అసలు చెప్పాల్సింది ఆయనకే, అది రూలు," అన్నారు డాక్టరుగారు. బాబాయి వినలేదు. లోపలికి వెళ్ళి తలుపేసేశాడు.

ఆ తలుపు బయట నేను కూర్చున్న కాసేపూ నా జీవితంలోకెల్లా పొడుగైన కాసేపు. లోపల మాటలు వినబడడం లేదు. కింద టిఫిన్ సెంటరులో దోసె పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇరవై మూడేళ్ళకే ఈ దోసెల వాసన కూడా లేకుండా పోతుందని నాకు ఏడుపొచ్చింది. ఇంతలో తలుపు తెరుచుకుంది. బాబాయి బయటికి వచ్చి గోడకి ఆనుకుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. నేను వెళ్ళి పట్టుకుంటే నా తల మీద చెయ్యి వేసి, "ఏమీ లేదట్రా నాన్నా. నీకేమీ లేదట," అన్నాడు.

నా కళ్ళ ముందు తాతయ్య మంచం కనబడింది. అక్కడే నేల మీద కూలబడ్డాను. బాబాయి "నిజంరా" అన్నకొద్దీ నాకు అబద్ధంలా వినిపించింది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి, "చూడండి, మీరు కంగారు పడకండి," అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు. "నిజం చెప్పండి సార్, ఇంకెన్నాళ్ళు?" అన్నాను నేను. ఆయన నా మొహంలోకి చూసి, కాంపౌండరు మొహంలోకి చూసి, చివరికి ఓపిక పోగొట్టుకున్నారు. "ఏందయ్యా నీ లొల్లి? లెవ్వు ముందు. మంచిగ మాట్లాడుమని నాకు ట్రైనింగ్ ఇచ్చిన్రు. ఒత్తిడి చెయ్యొద్దు, ఇంటోళ్ళతోని మాట్లాడుకోనియ్యాలె అన్నరు. మంచిగ మాట్లాడితే గిట్ల సస్తవని నాకేమెరుక?"

ఆ తిట్టుతో ఊపిరి ఆడింది. తర్వాత విషయం తెలిసింది. హైటెక్ సిటీ వైపు కంప్యూటర్ ఉద్యోగాల కుర్రాళ్ళకి బీపీ, షుగరు చిన్న వయసులోనే ఎందుకొస్తున్నాయని ఒక పరిశోధన మొదలైందట. ఒక పెద్ద ఆస్పత్రి వాళ్ళు, మా డాక్టరుగారి లాంటి వీధి డాక్టర్లని అందులో కలుపుకుని, జనాన్ని ఎలా అడగాలో ట్రైనింగ్ ఇచ్చారట. "రోగమున్నోళ్ళు మస్తు దొరికిన్రు. వాళ్ళతోని పోల్చనీకి ఏ రోగం లేనోళ్ళు కావాలె. రోగం లేనోళ్ళు దవాఖానకు ఎందుకొస్తరయ్యా? ఏం లేకున్నా వచ్చేటోనివి ఈ కొండాపూర్ల నువ్వొక్కనివే," అన్నారు డాక్టరుగారు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అందులో చేరడానికి సరేనన్నాను. వెంటనే బీపీ చూశారు. పట్టీ విప్పుతూ ఆయన తల కొట్టుకున్నారు. రెండు రోజుల భయానికి నా బీపీ ఎక్కడికో ఎక్కి కూర్చుంది. ఆరోగ్యవంతుడిగా ఆ రోజుకి నేను పనికిరాలేదు. "పోయి పండుకో. వచ్చే ఆదివారం రా. పెద్దోళ్ళను తేకు," అన్నారు.

కింద టిఫిన్ సెంటరులో బాబాయి నాకు దోసె మీద దోసె తినిపించాడు. తను మాత్రం ముట్టకుండా నేను తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటూ, "మీ అమ్మకి చెప్పకురోయ్, నేను ఏడ్చానని," అన్నాడు. ఆ తర్వాత నేను కొన్నేళ్ళపాటు ఆ పరిశోధనకి రక్తం ఇచ్చాను, ఏమీ లేనివాళ్ళ జట్టులో.

ఈ మధ్యే నాకు నిజంగా బీపీ వచ్చింది. డాక్టరుగారు చీటీ రాసి చేతిలో పెట్టారు. మందుల షాపుకి ఒక్కణ్ణే వెళ్ళి మాత్రలు తెచ్చుకుని, ఒకటి వేసుకుని, ఆఫీసుకి వెళ్ళిపోయాను. భయం వెయ్యలేదు. సాయంత్రం తిరిగొస్తుంటే, ఏ జబ్బూ లేకుండా క్లినిక్ నేల మీద కూలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పిచ్చివాడు, ఎంత భయపడ్డాడో. కానీ వాడికి ఏమీ లేదని తెలిసి గోడకి ఆనుకుని ఏడ్చిన మనిషి ఉన్నాడు. బాబాయి పోయి మూడేళ్ళయింది. ఆ ఒక్క విషయంలో వాడే నాకంటే అదృష్టవంతుడు.