పరగడుపున రాలేదు

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి రేడియాలజీ విభాగాధిపతిగా బదిలీ చేశారు. విభాగమంటే రెండు అల్ట్రాసౌండ్ గదులు, ఒక ఎక్స్‌రే గది, నా కింద ఇద్దరు డాక్టర్లు. వరండాలో మాత్రం బార్కస్ నుంచి గుడిమల్కాపూర్ దాకా అన్ని బస్తీల జనం. కొత్త మేడంకు కోపం ఎక్కువని వారం తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది.

కాలేయం, పిత్తాశయం స్కానింగుకు పరగడుపున రావాలి. పిత్తాశయమంటే కాలేయం కింద ఉండే చిన్న సంచి. కాలేయంలో తయారైన పైత్యరసం అందులో నిలవుంటుంది. ఆరేడు గంటలు ఏమీ తినకపోతే సంచి నిండుతుంది, లోపల రాళ్లుంటే కనిపిస్తాయి. పాలు పోసిన చాయ్ ఒక్కటి తాగినా ముడుచుకుపోతుంది. మా దగ్గర చాయ్‌ని ఎవరూ తిండి కింద లెక్కేయరు. "ఏం తినలే మేడం, ఒక్క చాయ్ తాగిన, అంతే" అనేవాళ్లు రోజూ ఉండేవాళ్లు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒక రబ్బరు స్టాంపు చేయించాను. "పరగడుపున రాలేదు. మళ్లీ రావాలి." చీటీ మీద అది కొట్టి, సంతకం పెట్టి, రెండు వారాల తరువాతి తేదీ వేసి పంపేవాళ్లం. లైను చకచకా కదిలింది. సూపరింటెండెంటు గారు మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను, సిగ్గులేకుండా.

ఒక మంగళవారం జూనియర్ డాక్టరు సెలవు పెడితే నేనే స్కానింగుకు కూర్చున్నాను. యాదమ్మ అనే ఆవిడ వచ్చింది. యాభై దగ్గరపడిన మనిషి, ఇంట్లో బర్రెలున్నాయి, పాల వ్యాపారం. కళ్లు పచ్చగా ఉన్నాయి, చేతుల నిండా గోకిన గీతలు. చీటీలో "కామెర్లు, దురద, రాళ్లున్నాయేమో చూడండి" అని ఉంది. దాని మీద అప్పటికే రెండు స్టాంపులు. రెండోది జూనియర్‌ది, మొదటిది నాది. ఆ మొదటిసారి ఆమె మొహం కూడా నాకు గుర్తు లేదు.

స్కానింగు ప్రోబు పొట్ట మీద పెట్టాను. సంచి మళ్లీ ముడుచుకునే ఉంది. నాకు ఒళ్లు మండింది. పాలమ్ముకునే ఇంట్లో చాయ్ మానడం అంత కష్టమా అని కసిరి, స్టాంపు అందుకున్నాను.

"పాణం మీద ఒట్టు మేడం, నీళ్లు సుత తాగలే" అంది యాదమ్మ.

అందరూ అదే అంటారన్నాను. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఆమె భర్త నర్సింగ్ లోపలికొచ్చాడు.

"మీ ముద్ర జూసి రెండు సార్లు నేను గూడ తిట్టిన మేడం, దొంగతనంగ తాగుతున్నదని. అందుకే రాత్రి నుంచి పక్కనే కావలి ఉన్న. నిజంగ ఏం తాగలే."

ఆమె చెబితే నమ్మలేదు. ఆయన చెబితే నమ్మాను. ఆ సంగతి అప్పుడే నాకు తెలిసింది, తల కొట్టేసినట్టయింది.

ఈసారి ప్రోబు కాలేయం మీద పెట్టాను. లోపలి పైత్యనాళాలు ఉబ్బి, కొమ్మలు కొమ్మలుగా కనిపించాయి. పైత్యరసానికి అడ్డు పైనే ఉంది, కాలేయం నుంచి కుడి ఎడమ నాళాలు వచ్చి కలిసే చోట. పైన వాల్వు మూసేస్తే కింద సంపులోకి నీళ్లెలా వస్తాయి? సంచి ఖాళీగా ఉన్నది అందుకు. పీజీ పరీక్షల్లో నేనే అడిగి, చెప్పలేని పిల్లలకు చీవాట్లు పెట్టే ప్రశ్న ఇది.

మర్నాడు జూనియర్‌ను పిలిచి కాలేయం ఎందుకు చూడలేదని గట్టిగా అరిచాను. అతను తల దించుకుని, "మొదటి స్టాంపు మీరు కొట్టిందే మేడం. ఆమెకిది అలవాటే అనుకున్నాను" అన్నాడు.

పెద్దాసుపత్రిలో ఎమ్మారై చేయించాం. నాళాలు కలిసే చోట క్యాన్సరు కంతి, రెండు వైపులకూ పాకింది. నెల ముందు ఒక వైపు మిగిలి ఉండేదేమోనని, అప్పుడైతే ఆపరేషన్ ఆలోచించేవాళ్లమని సర్జన్ ఫోనులో అన్నారు. ఇప్పుడు చేయగలిగింది గొట్టం వేసి పైత్యరసం బయటికి తీయడమే. ఆ నెల మా దగ్గరే పోయింది.

వార్డుకు వెళ్లి వాళ్లిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను, మొదటి రోజే చూడవలసింది నేను చూడలేదని కూడా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే మేడం, మొదటి రెండు సార్లు సుత నేను చాయ్ తాగలేదని ఈయనకు చెప్పుండ్రి" అంది యాదమ్మ.

చెప్పాను. నర్సింగ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వానాకాలం వెళ్లకముందే ఆమె చనిపోయింది.

ఆ తరువాత నా విభాగంలో పద్ధతి మార్చాను. సంచి ముడుచుకుని కనిపిస్తే రోగిని ఏమీ అడగకముందే కాలేయంలో నాళాలు చూడాలి. అవి ఉబ్బి ఉంటే రోగి ఏం తిన్నా, ఏం తాగినా తిప్పి పంపకూడదు. ఇది నేను కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. యాదమ్మ మొదటిసారి వచ్చిన రోజున కూడా నాకు తెలుసు. లైను కదలాలని పక్కన పెట్టాను.