సాక్ష్యం చెప్పాక మానేసిన మాత్రలు

సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతిసారీ చుట్టాల ఇళ్ళు తిరగడంతోనే నా నెల కాస్తా అయిపోతుంది. ఈసారి మాత్రం నందిగామలో మా ఇంట్లో పెట్టె కూడా విప్పకుండా వత్సవాయి వైపు బయలుదేరాను, కరుణ కోసం. చర్చి సేవకు వెళ్ళిన టాంజానియాలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. పొద్దున స్వాహిలీ పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఆడపిల్లల హాస్టల్లో సేవ, రాత్రి ఒకరి ఉచ్చారణ విని ఒకరు పడీ పడీ నవ్వడం. అక్కడే ఆమెకు మలేరియా మెదడుకెక్కింది. ప్రాణం దక్కింది గానీ ఫిట్స్ మిగిలాయి. మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపేశారు. కొన్నాళ్ళకు, కరుణకు సంపూర్ణ స్వస్థత కలిగిందని కబురొచ్చింది. హాస్టల్లో పిల్లలు ఎగిరి గంతేశారు. నేను మాత్రం గంతెయ్యలేదు. ఆ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆమె మాత్రలు వేసుకుంటోందా లేదా, అది తేల్చుకోవాలనే వెళ్ళాను.

నందిగామ బస్టాండులో ఏడింటికి జగ్గయ్యపేట బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. గంటలోపే పేటలో దిగాను. బత్తాయిలు కొనుక్కుని, వత్సవాయి వైపు వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. యాభై రూపాయలు, అరగంట పైనే ప్రయాణం. చిల్లకల్లు దగ్గర హైవే దాటడానికే పది నిమిషాలు పట్టింది, హైదరాబాద్ లారీలు ఆగితేగా! దాటాక రెండు పక్కలా పత్తి చేలు, చేల నిండా తీతలకొచ్చిన కూలీలు. కరుణ పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"కరుణమ్మ గారింటికాండి? ఆ స్వస్థత పొందిన అమ్మాయేగా! మా ఆవిడ కూడా ఆ సాక్ష్యం ఇని ఏడ్సిందండి."

"ముందు రోడ్డు చూసి నడపవయ్యా," అన్నాను. నా నోరే అంత.

కరుణ అన్నగారింట్లో ఉంటోంది. వాళ్ళ వదిన వాకిట్లోనే ఎదురొచ్చి, "వందనాలమ్మా, రా రా! మా కరుణ నీ పేరు తలవని రోజు లేదనుకో," అంటూ లోపలికి తీసుకెళ్ళింది. వేడన్నం, గోంగూర, పప్పుచారు పెట్టింది. కరుణ చిక్కిపోయింది. ఎండ మండిపోతున్నా మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకుంది. గిన్నె అందుకోబోతే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి, గులాబీ రంగులో మెరుస్తోంది. నేను చూడటం చూసి వదిన, "గంజి వారుస్తా చెయ్యి జారిందంట. మాలోకం!" అంది.

వదిన అక్కడే కూర్చుని ఉంది. అందుకని స్వాహిలీలో అడిగాను. "ఉమెపోనా?" తగ్గిందా అని.

కరుణ అన్నం వంకే చూస్తూ, "బాడో," అంది. ఇంకా లేదు అని.

"ఏందమ్మా, మీ ఆఫ్రికా భాష మళ్ళీ మొదలెట్టారా!" అని వదిన మురిసిపోయింది. ఆ మురిపెం ముందు కూర్చుని, ఆ భాషలోనే కరుణ మొత్తం చెప్పుకొచ్చింది. మాకో అలవాటుంది, దూరదేశంలో సేవ చేసి వచ్చినవాళ్ళు మొదటి ఆదివారమే మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. అప్పటికి మాత్రల పుణ్యమా అని ఆమెకు ఫిట్స్ రావడం ఆగింది. మైకు చేతికిచ్చారు. అందరి మొహాలూ చూసి, ఆ పొంగులో, "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు," అనేసింది. మందిరమంతా స్తోత్రాలతో మారుమోగింది. అంతమంది ముందు ఆ మాట అన్నాక, ఇంటికొచ్చి మాత్ర మింగడానికి చెయ్యి రాలేదట. మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు అనిపించిందట. మానేసింది. మానేశాక ఫిట్స్ మళ్ళీ మొదలయ్యాయి. గంజి వారుస్తూ పడింది అందుకే.

"పిచ్చిదానా, ప్రాణం కంటే పరువెక్కువా నీకు?" అని తెలుగులోనే అరిచేశాను. వదిన బిత్తరపోయింది. కరుణ ఏదో అనబోయింది. కళ్ళు తేలేసి, కూర్చున్న చోటే పక్కకు ఒరిగిపోయింది.

వదిన "యేసయ్యా! యేసయ్యా!" అంటూనే పరుగున వెళ్ళి తాళాల గుత్తి తెచ్చి కరుణ గుప్పిట్లో కుక్కబోయింది. నేను ఆ గుత్తి లాగి అవతల పడేసి, కరుణను పక్కకు తిప్పి పట్టుకున్నాను. ఆమె ఒళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా వదల్లేదు. తర్వాత వదిన నా చేతులు పట్టుకుంది. "సంఘంలో చెప్పబాకమ్మా, నీకు దణ్ణం పెడతా. మేం తలెత్తుకోలేం." కోపం వచ్చింది గానీ, ముందు కరుణ మందుల కాగితాలు తెమ్మన్నాను.

కరుణ తేరుకున్నాక ముగ్గురం ఆటోలో చిల్లకల్లు వచ్చి, హైవే మీద విజయవాడ బస్సు పట్టుకుని నందిగామ చేరాం. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఆ కాగితాలు తిరగేసి, "ఇన్నాళ్ళు మానేసి బతికుండటమే ఎక్కువమ్మా," అన్నాడు. మొదటి మాత్ర అక్కడే, మా కళ్ళముందే వేయించాడు. బయట బెంచీ మీద కూర్చున్నాక కరుణ అడిగింది, "నన్ను మళ్ళీ టాంజానియాకి రానిస్తారంటావా?" అబద్ధం చెప్పాలనిపించింది. "రానివ్వరే," అన్నాను. ఇద్దరం ఏడ్చాం. వదిన గోడవైపు తిరిగి నిలబడింది.

ఆదివారం నేనూ వాళ్ళ మందిరానికి వెళ్ళాను. పాటలయ్యాక కరుణ లేచి మైకు అడిగి తీసుకుంది. "నాకింకా తగ్గలేదు. మాత్రలు వేసుకుంటున్నా. నా కోసం ప్రార్థన చెయ్యండి," అంది. అంతే. స్తోత్రం అని ఒక్క గొంతు కూడా లేవలేదు. పాస్టరు అయ్యగారు తల వంచుకున్నారు. కరుణ మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కూర్చోమనేవాళ్ళు లేక. చివరికి వదినే లేచి వెళ్ళి, ఆ కాలిన చెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నా సెలవు అయిపోవచ్చింది, వచ్చే వారం తిరిగి వెళ్ళిపోతున్నాను. ఆ గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంటుంది. కరుణ ఎప్పుడొస్తుందని పిల్లలు అడుగుతారు. వాళ్ళకు చెప్పాల్సిన జవాబు వాళ్ళ భాషలో నాకు బాగానే వచ్చు, ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీరూ ఇలా తిరిగొచ్చిన స్నేహితుల్ని చూడటానికి వెళ్తుంటే, పొద్దున్నే బయలుదేరండి, సాయంత్రం దాటితే ఆ ఊళ్ళ నుంచి ఆటోలు దొరకవు. భోజనం దాకా ఉండండి. వాళ్ళ చేతికి మైకు ఇచ్చే ముందు, మాత్రలు వేసుకున్నారా అని అడగండి.