మా తులసికి అమెరికాలో ఆరు ఎస్టేట్లు

మా మేనకోడలు తులసికి అమెరికాలో ఆరు ఎస్టేట్లు ఉన్నాయని మొన్నొక శనివారం సాయంత్రానికల్లా మలేసియాలో మా ఇపో ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. తెలియనిది తులసి ఒక్కదానికే. ఈ సంగతి ఊరికి చెప్పిందెవరో అడక్కండి. సరే, అడిగేలా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. నేనే.

ముందు టీ పోసుకోండి, కాస్త పొడుగు కథ.

తులసి మా అప్ప కూతురు. మా ఇళ్లలో అక్కని అప్ప అంటాం. అమ్మాయి గోల్ఫ్ ఆడుతుంది, అదే దాని ఉద్యోగం. టీవీలో చూపించే పెద్ద పోటీలు కావు, వాటికి ఒక మెట్టు కిందవి. ఏడాదిలో అయిదు నెలలు అమెరికాలో ఉంటుంది. ముగ్గురమ్మాయిలు కలిసి ఒక పాత కారులో ఈ ఊరి నుంచి ఆ ఊరికి తిరుగుతూ ఆడతారు. బాగా ఆడితే ప్రైజ్ మనీ వస్తుంది, ఆడకపోతే పెట్రోలు ఖర్చే మిగులుతుంది.

నేనేమో బాగన్ దాతుక్ వైపు ఒక ఎస్టేట్, అంటే పామాయిల్ తోట, ఆఫీసులో ముప్పై ఏళ్లు క్లర్కుగా చేసి, రిటైరై ఇపో చేరినవాణ్ని. ఏప్రిల్ వచ్చిందంటే మా గుడికొచ్చేవాళ్లలో సగంమంది ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తారు. కంప్యూటర్లో నింపి పంపిస్తాను. పైసా తీసుకోను, స్వామి సేవ అనుకుంటాను. తులసి కూడా అమెరికాలో ఉత్తరాల కోసం మా ఇంటి అడ్రసే ఇచ్చింది. టాక్స్ సంగతులు మావయ్యకి బాగా తెలుసని దాని నమ్మకం. పిచ్చిపిల్ల.

ఆ వారం ఆరు కవర్లు వచ్చాయి. ఆరూ అమెరికావే. తులసి అప్పుడు ఏదో పోటీకి థాయిలాండ్ వెళ్లింది. ఆట రోజుల్లో ఫోను ఆపేస్తుంది.

"వేరేవాళ్ల ఉత్తరాలు విప్పకండి" అంది మా ఆవిడ సావిత్రి.

"టాక్స్ ఉత్తరం విప్పడం నా పని లా" అన్నాను. మాట చివర ఈ 'లా' తగిలించడం మా మలేసియా అలవాటు.

విప్పాను. జార్జియా, మిషిగన్, కాన్సాస్, ఇల్లినాయ్, అరిజోనా, సౌత్ కరోలినా. ప్రతి దాంట్లోనూ పైన రాష్ట్రం పేరు, దాని కింద పన్నుల శాఖ, దాని కింద మా తులసి పేరు. పై నాలుగు లైన్లే చదివాను. మిగతాది చదవాల్సిన అవసరం కనిపించలేదు. ముప్పై ఏళ్ల అనుభవం మరి.

మన మలేసియాలో సంగతి మీకు తెలుసు కదా. జీతం మీద పన్ను మొత్తం కేంద్రానిదే. మా పేరాక్ గానీ పక్క సెలంగోర్ గానీ, ఏ రాష్ట్రమూ మన జీతం జోలికి రాదు. రాష్ట్రం మనకి ఉత్తరం రాసిందంటే అది భూమి పన్ను కోసమే. ఎస్టేట్ తరఫున ఏటేటా భూమి ఆఫీసుకి వెళ్లి ఆ పన్ను కట్టి రసీదు తెచ్చింది నేనే. కాబట్టి ఆరు రాష్ట్రాలు పన్ను అడుగుతున్నాయంటే ఆరు రాష్ట్రాల్లో భూమి ఉన్నట్టే. ఇందులో ఆలోచించడానికేముంది?

వెళ్లి స్వామి పటం ముందు దీపం పెట్టాను. మా తాత ఆ విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి పరాయివాళ్ల తోటల్లో కలుపు పీకినవాడు. ఆయన మునిమనవరాలికి అమెరికాలో ఆరు తోటలు. కళ్లు తుడుచుకుని, ఏ రాష్ట్రంలో ఏం పండుతుందో ఫోన్లో చూశాను. జార్జియాలో వేరుశెనగ, మిషిగన్‌లో చెర్రీలు, కాన్సాస్‌లో గోధుమ, అరిజోనాలో పత్తి. ఒక్కచోటా పామాయిల్ తోట లేదు. అదొక్కటే నాకు నచ్చలేదు.

"ముందు అప్పకి ఫోన్ సేసి అడగండి" అంది సావిత్రి.

"అప్ప తన నోటితో సెప్పుకోదు. బిడియం మనిషి. మనమే సెప్పాలి."

శనివారం భజనలో మంగళహారతి అయ్యాక మైకులో ప్రకటనలు చదివేది నేనే. వచ్చే వారం ప్రసాదం ఎవరిది, ఎవరి కారు దారికి అడ్డంగా ఉంది, ఇలాంటివి. నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. ఆ గొంతుకి తగ్గ బుర్ర కూడా స్వామి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ వేళ కారు నంబరు చదివి, ఒక్క నిమిషం ఆగాను. జనం తలెత్తి చూశారు. అలా చూసినప్పుడు నాలో ఏదో జరుగుతుంది, అది నా చేతిలో ఉండదు.

"మన ఎస్టేట్ కూలీల వంశంలో పుట్టిన ఆడబిడ్డ" అని మొదలుపెట్టాను. రాష్ట్రం పేరు, పంట పేరు, ఒక్కొక్కటే ఆగి ఆగి చెప్పాను. అరిజోనా దగ్గరికొచ్చేసరికి చప్పట్లు. ఒక ముసలావిడ చేతులెత్తి మొక్కింది. చెప్పులేసుకునే చోట ముగ్గురు నన్ను చుట్టుకున్నారు. ఒకాయన తన తమ్ముడికి సూపర్‌వైజర్ పని అడిగాడు. గోధుమ గురించి తెలుసా అన్నాను, నేర్చుకుంటాడన్నాడు.

ముందు వరసలో సింహాచలం గారున్నారు. నలభై లారీల యజమాని. వచ్చే సీజనుకి తులసి ఖర్చులు తాను భరిస్తానని అప్పకి మాటిచ్చిన మనిషి. ఈ కబురు విని ఆయన ఛాతీ పొంగుతుందనుకున్నాను. ఆయన ప్రసాదం కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. ఆనందం పట్టలేక అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అప్ప ఫోను.

"ఒరే, నా కూతురికి ఎస్టేట్లు ఎప్పుడు కొన్నావురా?"

"నేను కొనడమేటి అప్పా, తనే కొనుక్కుంది."

"సింహాచలం గారు ఇప్పుడే ఫోన్ సేసినారు. ఆరు తోటలున్న పిల్లకి నా డబ్బెందుకమ్మా, లేని పిల్ల ఎవరైనా ఉంటే ఇస్తానన్నారు. ఏటి సేసినావురా నువ్వు? శుక్రవారం లోపల వచ్చే సీజను ఫీజు కట్టాలి. సేతిలో ఏటుంది?"

తులసికి మెసేజ్ పెట్టాను, అర్జెంట్ అని. మధ్యాహ్నానికి అదే ఫోన్ చేసింది.

"ఎస్టేట్ ఏటి మావయ్యా? అది ఇన్‌కమ్ టాక్స్ లా."

"రాష్ట్రానికి ఇన్‌కమ్ టాక్స్ ఏటి తల్లీ?"

"అక్కడంతే. సెంట్రల్ వేరేగా తీసుకుంటది, స్టేట్ వేరేగా తీసుకుంటది. ఏ స్టేట్‌లో ఆడి ప్రైజ్ మనీ తీసుకుంటే ఆ స్టేట్‌కి ఫారం పంపాలి."

"నువ్వు ఇపో పిల్లవి కదా?"

"ఎక్కడి పిల్లయినా అంతే. ఆడింది అక్కడే కదా."

"కాన్సాస్‌లో ఎన్ని రోజులున్నావు?"

"నాలుగు."

"నాలుగు రోజులకి వాళ్లు ఉత్తరం రాసినారా?"

"వచ్చిన డబ్బు ఆ మోటెల్‌కే సరిపోయింది మావయ్యా. అయినా రాసినారు."

నాలుగు రోజులు. మా ఎస్టేట్‌కి చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులున్నవాళ్ల దగ్గర మేము కొబ్బరికాయ డబ్బులైనా అడగలేదు.

"మరి ఫ్లోరిడాలో కూడా ఆడినావు కదా, అక్కడి నుంచి ఉత్తరం లేదేం?"

"ఫ్లోరిడాలో స్టేట్ టాక్స్ లేదు."

అక్కడ భూములు ఖరీదు కాబట్టి కొనలేదనుకున్నాను నేను. ఆ మాట దానితో అనలేదు.

"మావయ్యా, ఇది ఎవరికైనా సెప్పినావా?"

"కొంతమందికి."

"ఎంతమందికి?"

"భజనకొచ్చినోళ్లకి."

సింహాచలం గారు వెనక్కి తగ్గిన సంగతి కూడా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "శుక్రవారం లోపల స్పాన్సర్ లేకపోతే నేను ఆట మానేస్తాను మావయ్యా" అంది మెల్లగా. "కోపం కాదు. డబ్బు లేదు, అంతే."

సోమవారం పొద్దున స్వామికి దణ్ణం పెట్టుకుని, ఆరు కవర్లూ సంచిలో వేసుకుని, మోటారుసైకిల్ మీద సింహాచలం గారి లారీ షెడ్డుకి వెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోమన్నారు. టీ తెప్పించారు. మొహం మాత్రం చూడలేదు.

ఆట, రోజులు, రాష్ట్రం, పన్ను అని మొదలుపెట్టాను. ఆయన లారీలు లెక్కపెట్టుకుంటున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను చెప్పేది అబద్ధంలా నాకే వినిపించింది. అప్పుడే షెడ్డులో ఒక లారీ స్టార్టయింది.

"ఆ లారీ ఎక్కడికండీ?" అన్నాను.

"జొహోర్."

"దారిలో ఆగుతుందా?"

"సెలంగోర్‌లో ఒక రోజు లోడు దించాలి. మలక్కాలో ఒక రోజు."

"ఆ డ్రైవరు ఇంటికి తిరిగొచ్చినాక సెలంగోర్ రాష్ట్రం ఉత్తరం రాసిందనుకోండి. మా దగ్గర ఒక రోజు పనిసేసినావు, ఆ రోజు జీతంలో మా పన్ను ఏదీ అని. తర్వాత మలక్కా రాసింది. తర్వాత జొహోర్. మూడు చోట్లకీ మూడు ఫారాలు. ఇవన్నీ కాక కేంద్రానికి మామూలు పన్ను ఉండనే ఉంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. మొదటిసారి నా మొహం చూశారు.

"నా డ్రైవరుకా?"

"మీ డ్రైవరుకి కాదండి. మా తులసికి."

"నలభై మంది డ్రైవర్లు" అన్నారు తనలో తను. పక్క గదిలో బిల్లులు కొడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. ఆయన నుదురు తుడుచుకుని కవర్లు అందుకున్నారు. నేను చదవని రెండో పేజీలు ఆయన వేలు పెట్టి చదివారు.

"ఇదిగో, ఇక్కడే రాసుంది కదండీ. ఆట ద్వారా వచ్చిన ఆదాయం అని. మీరు చూడలేదా?"

"పైపైన చూసినాను."

"ఆ పిల్లకి భూమి?"

"పూలకుండీ పెట్టుకునే జాగా కూడా లేదండి."

ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. "ఒక్క ఆడపిల్ల మీద ఆరు గవర్నమెంట్లు" అన్నారు. ఇంకో రౌండు తిరిగి మళ్లీ అదే అన్నారు. తర్వాత ఆగి, "ఈ ఫారాలన్నీ ఎవరు నింపుతారు?" అని అడిగారు.

నేను నిటారుగా కూర్చున్నాను. "నేనేనండి. ఉచితంగా."

"అయితే నేను స్పాన్సర్ ఇవ్వను."

కవర్ల కోసం చెయ్యి చాపాను, ఆయన ఇవ్వలేదు.

"ఆ టాక్సులు తెలిసిన అకౌంటెంట్‌ని పెట్టండి. ఆ ఫీజు కూడా నేనే ఇస్తాను. మీరు మాత్రం వాటిని ముట్టుకోకూడదు. ఇంకోటి, ఏ మైకులో అన్నారో ఆ మైకులోనే సరిదిద్దాలి. నా తమ్ముడు కూడా కాన్సాస్ వెళ్తానని బట్టలు సర్దుకుంటున్నాడు."

బుధవారం చెక్కు వచ్చింది. గురువారం ఫీజు కట్టారు. అప్ప నాతో మాట్లాడలేదు గానీ, సావిత్రి చేతికి పులిహోర ఇచ్చి పంపించింది. నన్ను క్షమించినట్టేనని నేను లెక్క రాసుకున్నాను.

శనివారం భజన అయ్యాక మైకు పట్టుకున్నాను. ఈసారి ఆగలేదు, సాగదీయలేదు. "తులసికి అమెరికాలో ఒక్క ఎస్టేట్ కూడా లేదు. ఒక్క అంగుళం భూమి కూడా లేదు. పన్ను ఉత్తరాలు చూసి నేనే పొరపాటు పడ్డాను. క్షమించండి" అని చెప్పి కూర్చున్నాను.

అవమానం అయిపోయింది, ఇక బతికిపోయాననుకున్నాను. ఇంతలో ఆడవాళ్లందరూ లేచి అప్పని చుట్టుకున్నారు. ఒకావిడ ఆమె చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పన్ను కట్టలేదని ఆరూ లాగేసుకున్నారా వదినా? ఒక్క వారంలోనే?"

అప్ప ఏదో చెప్పబోయింది. ఎవరూ విననివ్వలేదు. ఇంకొకావిడ ఒక చిన్న చీటీ రాసి నా చేతిలో పెట్టి, ఇప్పుడే చదవమంది. అందులో ఇలా ఉంది: వచ్చే శనివారం సాయంత్రం, పోయిన ఆరు తోటలూ తిరిగి తులసి చేతికి రావాలని స్వామికి ప్రత్యేక అర్చన, భక్తులందరూ రావాలి.

ముందు వరసలో సింహాచలం గారు నన్నే చూస్తున్నారు. భక్తుల చీటీ, గుడి మైకు, ఎదురుగా స్వామి. చదివేశాను.