నాలుగో బోరు

కట్టంగూర్ పోయే బస్సులో ఒళ్లో కాగితం పరుచుకుని కూర్చున్నాను. ఊళ్ల నీటి కష్టాన్ని బొమ్మగా గీయడం అప్పట్లో నా ఉద్యోగం. ఆఫీసులో దాన్ని ఫజీ మ్యాప్ అనేవారు. రైతులు చెప్పిన ఒక్కో సంగతికి సున్నా చుట్టి, ఏది దేన్ని పెంచుతుందో బాణాలు గీయాలి. ‘జర’ అంటే సన్న గీత, ‘మస్తు’ అంటే లావు గీత. చివరికి ఊరి గతి ఏమవుతుందో కంప్యూటరు తేలుస్తుంది.

పక్క సీటు పెద్దాయన చేతిలో కొబ్బరికాయ ఉంది. "గిదేంది సారూ?" అంటే చదివి వినిపించాను. ఆయన ‘బోరు’ అన్న సున్నా మీద వేలు పెట్టాడు. బోరు నుంచి నీళ్లు లోతుకు పోవడానికి, అక్కడి నుంచి చేను ఎండడానికి, అక్కడి నుంచి మళ్లీ కొత్త బోరుకు. ఆ వేలు మూడుసార్లు తిరిగి, మళ్లీ ‘బోరు’ మీదే ఆగింది.

"బయటికి పోయే తొవ్వేది సారూ?"

కాగితం మీద అలాంటి బాణం లేదు. ఏ ఊళ్లోనూ ఎవరూ చెప్పలేదు.

"నాయి మూడు బోర్లు ఎండినయ్. గొర్లన్నీ అమ్మిన. గీ కాయ అరచేతుల వెట్టి నీళ్లజాగ జూసెటాయన కోసం పోతున్న."

"ఇదంతా చూశాక కూడానా?"

"చేనైతే ఎండుతాంది గద."

కాయ పదిలంగా పట్టుకుని దిగిపోయాడు.

వారం తర్వాత కంప్యూటరు కూడా ఆ బాణాల వెంట తిరిగి తిరిగి, ఆయన వేలు ఆగిన సున్నా దగ్గరే ఆగింది. లెక్క చక్కగా తేలిందని ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు.