ఆరు గౌన్లతో ఉప్పాడ దాకా

కొవ్వూరు స్టేషనులో ఉదయం ఆరూ నలభైకి పాసింజరు ఎక్కాను. సామర్లకోటకి టికెట్టు ముప్పై రూపాయలు. భుజాన సంచి, ఒళ్ళో అట్టపెట్టె. పెట్టెలో బనియన్ గుడ్డతో కుట్టిన ఆరు ఆడపిల్ల గౌన్లున్నాయి. అన్నీ పసుపు రంగువే, అన్నిటి మీదా ఒకటే ఎర్ర చేప బొమ్మ. వాటిని ఉప్పాడలో లోవలక్ష్మి అనే అమ్మాయికి అప్పగించాలి. అన్నిటికంటే చిన్న గౌనుకి వెనక పడిన కన్నం నా వల్లే పడిందని చెప్పాలి. పోస్టులో పంపేస్తే పోతుంది కదా అని ఆఫీసులో అందరూ అన్నారు. గౌన్లు పోస్టులో వెళతాయి, సరే. కన్నం సంగతి ఎలా పంపను?

వంతెన మీద రైలు నెమ్మదించింది. గోదావరి నిండుగా ఉంది కానీ నాకు చూడబుద్ధి కాలేదు. రాజమండ్రిలో ఎక్కి ఎదురుగా కూర్చున్న రిటైర్డు మాస్టారు పెట్టె వంక చూసి, "ఏంటండి, స్వీట్లా?" అన్నారు.

"చంటిపిల్ల బట్టలండి."

"మనవరాలికా?"

కాదని చెప్పి ఊరుకోవచ్చు. నా నోరు ఊరుకోదే! మొత్తం చెప్పేశాను.

విదేశాల నుంచి ఓడల్లో దిగే సరుకు సుంకాల పట్టికలో ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చి కాగితాలు రాయడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. నేసిన బట్టలది ఒక అధ్యాయం, బనియన్‌లా అల్లిన బట్టలది ఇంకొకటి. అల్లినవాటిలో మళ్ళీ ఎనభై ఆరు సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలవి చంటిపిల్లల పద్దు. ఆ ఎత్తు దాటితే వేరే పద్దు. నూలైతే ఒక అంకె, కాకపోతే మరో అంకె.

"చంటిపిల్ల ఎంత ఎత్తుండాలో కూడా పుస్తకంలో రాశారా!" అని మాస్టారు నోరు వెళ్ళబెట్టారు.

రాశారు. నాకది కంఠతా వచ్చు. ఆ పొగరే కొంప ముంచింది. కొన్ని నెలల క్రితం గల్ఫు నుంచి ఒక ట్రంకుపెట్టె జాబితా, ఫోటోలు నా బల్ల మీదికి వచ్చాయి. ఒకే రంగు, ఒకే బొమ్మ, ఆరు సైజులు, సైజుకొకటి. మా వ్యాపారంలో దాన్ని సైజ్ సెట్ అంటాం. కొట్టువాళ్ళు సరుకు ఆర్డరిచ్చే ముందు చూసుకోవడానికి తెప్పించుకునే నమూనాలన్నమాట. చూసీ చూడగానే 'నమూనా సైజ్ సెట్' అని రాసేశాను. కింద జతచేసిన కాగితం తిరగేయలేదు. అది మరణ ధ్రువపత్రం. ఉప్పాడ నుంచి వెళ్ళి అక్కడ చేపల పడవ మీద పనిచేస్తున్న సత్తిబాబు సముద్రంలో పడిపోయాడట, శవం దొరకలేదు. ఆ పెట్టె అతని సామాను.

అతని లుంగీలు, దుప్పటి, షేవింగు సెట్టు అన్నీ వెంటనే ఇంటికి వెళ్ళిపోయాయి. గౌన్లు మాత్రం నా రాతతో వ్యాపార సరుకై ఆగిపోయాయి. నూలా కాదా తేల్చడానికి లాబుకి ఒక ముక్క కావాలన్నారు. ఎప్పుడైనా మేం చేసేది ఒకటే, అన్నిటికంటే చిన్నది ఇచ్చేస్తాం, నష్టం తక్కువని. అలాగే ఇచ్చాను. కింది కాగితం కంటబడేసరికి కత్తెర పడిపోయింది.

మాస్టారు అనపర్తిలో దిగుతూ నా భుజం తట్టారు. "చెప్పకండి. ఎలకలు కొట్టేశాయనుకుంటారు. వాళ్ళ కడుపుమంట మీకెందుకు?"

సామర్లకోటలో ఎనిమిదింటికి దిగి, నాలుగిడ్లీలు తిన్నాను. ఆటోలో కాకినాడ, అక్కడ అలవాటుగా అరకిలో కాజాలు. డబ్బులిచ్చాక గుర్తొచ్చింది, పోయినవాళ్ళింటికి మిఠాయి పట్టుకెళ్ళేవాడు ఎవడైనా ఉంటాడా? పొట్లం సంచి అడుగుకి తోసి, అరటిపళ్ళు కొన్నాను. పదింటికి ఉప్పాడ బస్సు. సముద్రం వైపు కూర్చుంటే రోడ్డంతా తెగిపోయి, మళ్ళీ వేసి, మళ్ళీ తెగిపోయి కనిపిస్తుంది. ఒడ్డున బండరాళ్ళ గుట్టలు. దారంతా మాస్టారి మాటే చెవిలో మోగుతోంది. ఎలకలు అనేస్తే పోతుందిగా! ఎవరు అడగొచ్చారు?

పక్క సీట్లో ఖాళీ గంపతో ఉన్న చేపలమ్మే ఆవిడని సత్తిబాబు ఇల్లెక్కడని అడిగాను. "ఆ ఇల్లు పోయిన తుపానుకి సముద్రంలో కలిసిపోయింది కదండీ. సాలీల వీధిలో అద్దెకుంటున్నారు. రండి, సూపిత్తాను," అంది.

ఒక గది, ముందు పాక. పాకలో సత్తిబాబు తల్లి పోలమ్మ వల బాగుచేస్తోంది. అతని భార్య లోవలక్ష్మి గడపలో కూర్చుని పాపకి అన్నం పెడుతోంది. పాపకి మొదటి పుట్టినరోజు వెళ్ళి రెండు నెలలైందట. పెట్టె విప్పగానే ఆ అమ్మాయి గౌన్లని సైజు వారీగా నేల మీద పరిచింది, ఎవరో నేర్పినట్టు.

"ఆరేళ్ళు ఉంటానని వెళ్ళారండి. ఏడాదికొకటి. ఆ బొమ్మ మళ్ళీ దొరకదేమోనని అన్నీ ఒకేసారి కొనేశానన్నారు. ప్రతి పుట్టినరోజుకీ వేసి ఫోటో పంపమన్నారు."

చిన్న గౌను తిప్పి చూసింది. కన్నంలో వేలు దూరింది. ఎలకల మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. లోవలక్ష్మి మొహం చూశాక అబద్ధానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

పోలమ్మ వల పక్కన పడేసింది. "మావోడు దొరకలేదు. ఈ గుడ్డలే దొరికాయి. వాటిక్కూడా కత్తెరెట్టేశారా బాబూ?"

తల దించుకున్నాను.

లోవలక్ష్మి మాత్రం మెల్లగా అడిగింది. "ముక్క తెచ్చారాండి? మాసికేసుకుంటాను."

"కాల్చీ కరిగించీ పరీక్ష చేస్తారమ్మా. మిగలదు."

"ఏం తేలిందండి?"

"నూలని."

"మెడ దగ్గర చీటీ మీద అదే రాసుంది కదండీ."

రాసి ఉంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

కన్నం పైన పోగులు జారి, నిచ్చెనలాగా వీపు మీదికి పాకాయి. నేసిన గుడ్డయితే అలా జారదు. పోలమ్మ గౌను లాక్కుని వెలుగులో పట్టి చూసింది. "ఇది వల లాంటిదే. ఒక కన్ను తెగితే పక్క కన్ను ఊడతది," అంటూ సూదిలో పసుపు దారం ఎక్కించి ఒక్కో కన్నే పట్టుకుంటూ వచ్చింది. అరగంట పట్టింది. చివరికి దారం పళ్ళతో తెంపి, "పూడదు బాబూ. పెద్దదవకుండా కట్టాను," అంది.

అలాంటి ఇంట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెప్పులేసుకుని వచ్చేశాను. బస్టాపులో నిలబడ్డానో లేదో, లోవలక్ష్మి పాపని చంకనేసుకుని పరుగున వచ్చింది. పాప ఒంటి మీద పసుపు గౌను, కాస్త బిగుతుగా. తన ఫోను నా చేతికిచ్చింది.

"ఒక ఫోటో తీయండి. ముందు నుంచి తీయండి, వెనక వద్దు. ఆయన చూస్తే బాధపడతారు."

పాప కదిలి మొదటిది చెదిరింది. రెండోది కుదిరింది. నా ముందే సత్తిబాబు నంబరుకి వాట్సాప్‌లో పంపింది. ఒక్క టిక్కు పడింది.

బస్సొచ్చింది. సామర్లకోటలో సాయంత్రం నాలుగున్నరకి రైలు దొరికింది. ఉప్పాడ వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున్నే బయల్దేరితే చీకటి పడకముందే ఇల్లు చేరతారు, ప్రయాణంలో కష్టమేమీ లేదు. చీరలకోసం వెళ్ళేవాళ్ళకి సాలీల వీధి బస్టాపు వెనకే. నేను మాత్రం చీరలు చూడలేదు, సముద్రమూ సరిగా చూడలేదు. ద్వారపూడి దాటాక పక్కావిడ ఒళ్ళో బిడ్డ ఏడుస్తుంటే కాజాల పొట్లం తీసి ఇచ్చేశాను. బిడ్డ బనియను అంచు నా వేళ్ళకి తగిలింది. అల్లికా నేతా అని చూడకుండా చెయ్యి తీసేసుకున్నాను.

వంతెన ఎక్కేటప్పటికి గోదావరి ఎర్రబడింది. నా కళ్ళ ముందు ఆ ఫోనే ఉంది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. లోవలక్ష్మి రోడ్డు మీదే నిలబడి, రెండో టిక్కు పడుతుందేమోనని ఇంకా చూస్తూ ఉంది.